తువ్వాల కింద బేరం

నాలుగు కార్డులంట.
నాకు తెల్సింది ఒక్కటే.
ఫ్రిజ్ వచ్చిన దినం
"ఆఫర్‌ల తీస్కున్న" అన్నడు ఫోన్ల.
ఆఫర్ అంటే అగ్గువ అనుకున్న.

దేవరకద్రల పదకొండేండ్ల సంది
పొదుపు సంఘం పుస్తకం రాస్తున్న నేను.
తిప్పమ్మ గొర్రెల బాకీ,
షాహీన్ కుట్టుమిషన్ బాకీ
నిద్రల లేపి అడిగినా చెప్త.
నా మొగని బాకీ మాత్రం
షార్జాల ఏదో బ్యాంకు కంప్యూటర్ల పెరిగింది,
నాకు చెప్పకుంట.

అరవై ఒక్క వెయ్యి దిర్హాములు.
రూపాయల్ల లెక్క జేసిన.
పద్నాలుగు లక్షలు.
మల్ల జేసిన. మల్ల గంతే.

"మినిమం కడ్తనే ఉన్న" అన్నడు ఆశన్న.
ఒక కార్డుల గుంజి ఇంకో కార్డుకు,
దాంట్ల గుంజి మూడోదానికి.
సైటు మూతవడి ఐదు నెలలు జీతం లేదంట.
నాకైతే నెలనెలా ఒకటో తారీకు
పైసలు వచ్చినయి.
అవీ కార్డు పైసలే.
ఆ పైసలతోనే నేను కిస్తు తప్పకుంట కట్టి
సంఘంల చప్పట్లు కొట్టించుకున్న.

ఏడ్వలేదు.
ఫ్రిజ్ తలుపు తెర్సి నిలవడ్డ.
మొకానికి సల్లగ తగిలింది.
గీ సల్లదనానికి
నెలకు నూటికి మూడు మిత్తి.

బుధవారం అంగడికి పోయిన.
మొగులప్ప పెద్దనాయన ఎడ్ల దళారి.
నోటితో ధర చెప్తే నలుగురు వింటరని
తువ్వాల కింద వేళ్ళు వట్టి
బేరం జేసుడే ఆయన బతుకంత.
చాయ సల్లారేదాక అంతా విన్నడు.
"ముందుగాల ధర చెప్పినోడు
సగం ఎద్దును ఇడిసినట్టే బిడ్డా.
వాన్నే చెప్పనీ.
నువ్వు పండ్లు చూడు."

పండ్లు చూసిన.
అసలెంత, మిత్తెంత, దండుగెంత,
యేర్వేరుగ రాసి పంపుమన్న బ్యాంకాయనను.
ఉర్దూల మస్తు మర్యాదగ బెదిరిచ్చిండు.
మూడు దినాలకు కాగితం పంపిండు.
అసలు ఇరవై ఆరు వేలే.
మిగిలిందంత ఎద్దు కాదు, ఎద్దు నీడ.

తువ్వాల లేకపాయె, ఫోన్ మీద కొంగు కప్పుకున్న.
"అరవై ఒకటి" అన్నడు.
నేను ఊకున్న.
బయట పల్లీల లారీ పోయింది,
దుమ్ము లోపల్దాక వచ్చింది.
"యాభై."
ఊకున్న.
అవతల ఆశన్న మెసేజ్ మీద మెసేజ్:
ఒప్పుకో, కేసైతది,
ఎయిర్‌పోర్టుల ఆపుతరు,
ఒప్పుకోయే.
ఆరు బుధవారాలు పోయినయి.
"ఇరవై మూడు. గిదే ఆఖరు" అన్నడు బ్యాంకాయన.
గొంతుల అలుపు వినవడ్డది.
అలిసిన దళారి అబద్ధమాడడు.
"లెటర్ మీద రాసి పంపు, కడ్త" అన్న.

పై అంతస్తుకు తెచ్చిన సలాకలు అమ్మిన.
రెండేండ్ల తుప్పు నా అరచేతులకంటింది,
పోలేదు సబ్బుతోని.
చేను రెండు పంటలకు కౌలుకిచ్చిన.
ఇంకా లక్షా డెబ్బై తక్కువ.

సంఘంల నిలవడ్డ.
పదకొండేండ్లు అందరి పేర్లు సదివిన గొంతుతోని
నా పేరు సదివిన.
ఎందుకో కూడ చెప్పిన, దాయలేదు.
ఎవరు మాట్లాడలేదు.
తిప్పమ్మ లేసి వచ్చి
నా చేతిలకెల్లి పెన్ను గుంజుకొని
జామీను కాడ వంకరటింకర సంతకం పెట్టింది.
అప్పుడేడ్చిన.

"బాకీ లేదు" అని బ్యాంకు కాగితం వచ్చింది.
జిరాక్స్ షాపుల రెండు కాపీలు తీపిచ్చిన,
పది రూపాయలు.
వారం తిరగకముందే ఫోన్:
"కొత్త కార్డు మేడం, మీ ఆయనకు, ఆఫర్ ఉంది."
మొగులప్పకు చెప్తే
దగ్గొచ్చేదాక నవ్విండు.
"ఎద్దు పోయినంక పలుపు అమ్మ వస్తరు బిడ్డా."

ఆశన్న రాత్రిపూట ఫోన్ జేస్తడు.
తిన్నవా అంటడు. తిన్న అంట.
ఆ తర్వాత మాటలు దొర్కయి.
ఎందుకు చెప్పలేదని నేనడుగ,
వాడు చెప్పడు.
ఫోన్ చెవికి పెట్టుకొని, మీద కొంగు కప్పుకొని
ఊకుంట.
ఎవరు ముందుగాల ఇడుస్తరో
చూస్తున్న.